షాంక్ ఇంటి పన్నెండో తుపాకీ

టానర్స్ గ్యాప్‌లో ఎల్వుడ్ షాంక్‌ను మించిన గురికాడు లేడన్నది అందరూ నమ్మిన మాట. యాభై గజాల దూరంలో కార్డు మీద గీసిన పది వలయాలనూ నడిమధ్యన కొట్టగలడని క్షౌరశాలలో చెప్పుకునేవారు. గాలి వాటాన్ని చెంపతోనే పసిగడతాడని చర్చి మెట్ల మీద చెప్పుకునేవారు. గన్ క్లబ్బు మైదానంలో మిగతావాళ్లు కాలుస్తున్నంతసేపూ అతను ట్రక్కులో అద్దాలెక్కించుకుని కూర్చునేది కూడా గాలిని చదవడానికేనని ఏనాడో తేల్చేశారు. అతని ముందుగదిలో, తానే చేసుకున్న చెర్రీ కర్ర బీరువాలో, సన్నతూటాలు కాల్చే ఇరవై రెండు బోరు రకం రైఫిళ్లు పదకొండున్నాయి. పన్నెండో గూడు ఖాళీగా ఉంది.

ఫిబ్రవరిలో ఎల్వుడ్‌కు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది, మాట నెమ్మదించింది. ఊరంతా అయ్యో అనుకుంది, వంతులవారీగా కోడిమాంసపు కూరలు వండి పంపింది. మార్చి నెల సగమయ్యేసరికి, ఆ పదకొండు తుపాకుల గతేమిటని కూడా ఆలోచించసాగింది.

ఏప్రిల్ మొదటి బుధవారం ఉదయం అతని భార్య ఆర్డిస్, డెల్మర్ కుంకెల్ నడిపే తుపాకుల దుకాణానికి వెళ్లింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. ఉన్ని కోటు మోచేతుల దగ్గర అరిగి నున్నబడింది.

"రండి ఆర్డిస్ గారూ. ఎల్వుడ్ గారెలా ఉన్నారు?" అన్నాడు డెల్మర్, కాఫీ కప్పు పక్కకు జరుపుతూ.

"తింటున్నాడు, తిడుతున్నాడు. బాగానే ఉన్నాడు."

"అంతా దేవుడి దయ."

"వారానికి మూడుసార్లు చెయ్యి తిప్పించే నర్సు దయ కూడా కాస్త ఉందిలే. గోడ మీది ఆ రెండు రైఫిళ్లూ ఒకసారి దించు, చూస్తాను."

డెల్మర్ మొదట దించినది బరువైన పోటీ రైఫిలు. భుజానికి ఆనే దాని వాల్‌నట్ కర్ర మీద చారలు తేనె కారినట్టున్నాయి. "ఇది ఎల్వుడ్ గారి కోసమే పక్కన పెట్టాను. ఆ కర్ర చూస్తే ఆయన సగం కోలుకుంటారు."

ఆర్డిస్ దాన్ని అందుకుని గొట్టం గోడవైపు ఉంచింది. బోల్ట్ వెనక్కి లాగి, తూటా పట్టే చోట చిటికెనవేలు పెట్టి ఖాళీగా ఉందని నిర్ధారించుకుంది. డెల్మర్ అప్పటికే చూపించాడు, అయినా ఆమె చూసుకుంది. తర్వాత కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరిచింది. గురిముల్లు అంగుళం ఎడమకుంది. తల జరిపి సరిచేసుకోవచ్చు. కానీ ప్రతిసారీ తల జరపవలసిన తుపాకీతో పోట్లాట తప్పదని ఆమెకు తెలుసు. పైగా ముంజేయి అప్పుడే వణకడం మొదలుపెట్టింది. దాన్ని దించి బల్ల మీద పెట్టింది.

రెండోది ఒక్కో తూటా మాత్రమే పట్టే పాతకాలపు రైఫిలు. కింది మీట లాగితే లోపలి ఉక్కు దిమ్మ జారి దారి తెరుచుకుంటుంది. కర్ర సాదాగా ఉంది. పిడికిలి పట్టే చోట ఎప్పుడో చీలితే ఎవరో లోపల మేకు దింపి అతికించారు. ఆర్డిస్ కళ్లు మూసి ఎత్తి, తెరిచింది. గురిముల్లు ఎదుటి గోడ మీది క్యాలెండర్ మేకు తల మీద నిలిచి ఉంది. ఆమె కోటు జేబులోంచి కాల్చేసిన తూటా గుల్ల ఒకటి తీసి లోపల పెట్టింది. పాత ఇరవై రెండు బోరు తుపాకుల్లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే సూది ఉక్కు అంచుకు కొట్టుకుని మొద్దుబారుతుంది. అడ్డుకు గుల్ల ఉంటే ఆ బాధ లేదు. నెమ్మదిగా నొక్కింది. ట్రిగ్గర్ ఎండుపుల్ల విరిగినంత శుభ్రంగా విడిపడింది.

"ఎల్వుడ్ గారు మీకు చాలా బాగా నేర్పారు సుమండీ" అన్నాడు డెల్మర్ మెచ్చుకోలుగా.

ఆర్డిస్ మళ్లీ గుల్ల పెట్టి మరోసారి నొక్కింది. మళ్లీ అంతే శుభ్రంగా విడిపడింది.

"ఇది కావాలి."

"ఇదా! అతుకుల తుపాకీని ఎల్వుడ్ గారు ఇంట్లోకి రానిస్తారా?"

"నాకు కావాలి, డెల్మర్. బీరువాలో బోల్ట్ లాగేవి ఏడు, పంపులా లాగి నెట్టేవి నాలుగు ఉన్నాయి. ఇలా దిమ్మ జారే రకం ఒక్కటీ లేదు. బరువు తక్కువ. ఇంకో పదేళ్లు ఎత్తగలను."

డెల్మర్ మెత్తగా నవ్వాడు. అతనిది చెడ్డ మనసు కాదు. మంచుకాలంలో షాంక్ ఇంటి ముందు మంచు తవ్వి దారి చేసిపెట్టింది అతనే. "మీకోసమే అయితే ఇదిగో, దీన్ని చూడండి" అంటూ గాజుపెట్టె లోంచి ఊదారంగు పిడి ఉన్న చిన్న పిస్తోలు తీశాడు. "చేతిసంచిలో పడుతుంది."

"నా చేతిసంచిలో కళ్లజోడే దొరకదు. ఆ రైఫిలుకు కాగితాలు రాయి."

"ఆర్డిస్ గారూ, మనసు బాగోలేని వేళ మీరు తొందరపడి కొన్నారనుకోండి, రేపు ఆయన ముఖం నేనెలా చూడను? శనివారం మైదానానికి వస్తారుగా. ఆయన్నే ఒక్కమాట చెప్పనివ్వండి. అంతవరకూ రెండూ ఎవరికీ ఇవ్వను."

అతను చాలా మర్యాదగా రెండు తుపాకులనూ తిరిగి గోడకెక్కించాడు. ఆర్డిస్ గుల్లను జేబులో వేసుకుంది. వాళ్ల పదకొండు తుపాకులూ పొలాల వేలంపాటల్లో కొన్నవే. ఆమె మోచేత్తో పొడిస్తే ఎల్వుడ్ పాటకు చెయ్యెత్తేవాడు. ఇవాళ పొడవడానికి పక్కన ఎవరూ లేరు, ఎత్తిన చెయ్యి ఆమెది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

గురువారం ఉదయం మంచు కరిగి గడ్డి కనబడింది. కొట్టాం వెనుక కొండవాలుకు తూటాలాపే మట్టిగట్టు, దాని ముందు గురి కార్డు ఉన్నాయి. యాభై గజాల ఇవతల ఆర్డిస్ చాప పరుచుకుని బోర్లా పడుకుంది. ఊపిరి సగం వదిలి ఆపి ఒక్కో తూటా కాల్చింది. వెనుక వరండాలో, రెండు గాజు తలుపుల అవతల, ఎల్వుడ్ చెవుల్లో దూది, ఆ పైన చెవిగిన్నెలు పెట్టుకుని దుర్భిణిలోంచి చూస్తున్నాడు. ప్రతి మోతకూ అతని భుజాలు ఒకసారి అదురుతాయి. అదిరిన తర్వాత, తగిలిన చోటును బట్టి కుడిచేతి వేళ్లు చూపిస్తాడు. పిడికిలి బిగిస్తే నడిమధ్యన తగిలినట్టు. ఆ ఉదయం పది తూటాలకు ఎనిమిది పిడికిళ్లు బిగించాడు.

ఇద్దరూ వంటింట్లోకి వచ్చేసరికి క్లబ్బు కార్యదర్శి మెర్విన్ ఫ్రై కూర్చుని ఉన్నాడు. బీట్‌రూట్ నీళ్లలో ఊరేసిన గుడ్డు రెండోది తింటున్నాడు.

"ఏరా ఎల్వుడ్, పొద్దున్నే సాధన చేస్తున్నట్టున్నావే! మోత రోడ్డు దాకా వినబడింది. ఒంటిచేత్తోనే!"

ఎల్వుడ్ ఏదో అనబోయాడు. మాట అందేలోగా మెర్విన్ ఆర్డిస్ వైపు తిరిగాడు. తన ముందున్న మనిషికి వినబడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"చూడు ఆర్డిస్, రెండు సంగతులు. డెబ్బై అయిదు నిండిన సభ్యుడు సీజన్ మొదటి తూటా కాల్చడం మన క్లబ్బు ఆచారం. ఈ ఏడు వీడి వంతు. ఇసక మూట మీద తుపాకీ పెట్టి మేం పట్టుకుంటాం. వీడు వేలు నొక్కితే చాలు. ఇక రెండోది, ఆ బీరువా. నువ్వొక్కదానివీ అన్ని తుపాకులతో వేగలేవమ్మా. దొంగలున్నారు, నూనె పెట్టడాలున్నాయి. క్లబ్బులో మేం పదకొండుమందిమి తలా ఒకటి తీసుకుంటాం. మంచి ఇళ్లకే వెళతాయి."

"కుక్కపిల్లల్లాగానా?" అంది ఆర్డిస్.

"నీ మంచికే చెబుతున్నాను."

"తెలుసు మెర్విన్. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నాను. ఇంకో గుడ్డు తింటావా?"

"శనివారం రాలేడు" అని ఆమె చెప్పబోతుండగా ఎల్వుడ్ నోరు విప్పాడు. ఒక్కో మాటనూ చెక్కి పెట్టినట్టు పలికాడు. "వస్తాను."

మెర్విన్ సంతోషంతో లేచి అతని వీపు తట్టాడు. ఆర్డిస్ గుడ్ల సీసా మూత బిగించింది. అది అప్పటికే బిగించి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ బీరువా ముందు కూర్చున్నారు. అది వాళ్ల నూనె రోజు. గొట్టాలు శుభ్రం చేయడం ఆర్డిస్ పని. తూటా వెళ్లే మూతి అరగకుండా ఎప్పుడూ వెనుకనుంచే గుడ్డ దూరుస్తుంది. కర్రలు ఎల్వుడ్ పని. నలభై ఏళ్లు బీరువాలూ బల్లలూ చేసిన కుడిచెయ్యి అవిసెనూనెను అరచేతి వేడితో రుద్ది రుద్ది పట్టిస్తుంది. తుపాకుల గురించి ఊళ్లో అతను మాట్లాడేదంతా కర్ర గురించే. వినేవాళ్లు మిగతాది తామే కలుపుకునేవారు. వేట శిబిరంలోనూ అంతే. వంట అతనిదే కాబట్టి అతని చేతిలో ఎప్పుడూ గరిటె ఎందుకుంటుందని ఎవరూ అడగలేదు.

"డెల్మర్ దగ్గరున్న పెద్దదాని కర్ర చాలా బాగుందట" అన్నాడు ఎల్వుడ్.

"బాగుంది. నాకు కుదరలేదు."

"రెండోదానికి చీలిక ఉందన్నావు. మేకు ఏటవాలుగా దింపారా, నిటారుగానా?"

"ఏటవాలుగా."

"అయితే పని తెలిసినవాడే చేశాడు. కొనుక్కో."

"నీ నోటివెంట వింటేగానీ అమ్మడట."

ఎల్వుడ్ గుడ్డ ఆపాడు. గోడ మేకుకు వేలాడుతున్న ఎర్రటోపీ వైపు చూశాడు. అది టపా పోటీ బహుమతి. టపా పోటీ అంటే చలికాలంలో ఎవరి కొండవాలు మీద వాళ్లు కాల్చి, ఇంటిపేరు మాత్రం రాసి కార్డులు క్లబ్బుకు పంపడం. షాంక్ ఇంటి కార్డు మొదటిసారి గెలిచిన రోజున మెర్విన్ అందరి ముందూ ఆ టోపీని ఎల్వుడ్ నెత్తిన పెట్టాడు. ఎల్వుడ్ చెవులు టోపీకంటే ఎర్రబడ్డాయి. ఆ రోజు అతను దాన్ని భోజనం దగ్గర కూడా తియ్యలేదు.

"నువ్వు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"టోపీ నీకు నప్పింది."

అతను నవ్వాడు. నోరు ఒక పక్కకే లేచింది. ఆర్డిస్ లేచి, అన్నిటికంటే తక్కువ మోత చేసే రైఫిలును బీరువాలోంచి తీసింది.

"రా. ఒక్క తూటా. ఇవాళ కొండ దగ్గర కాల్చేస్తే రేపు చెయ్యి తడబడదు. నీ చెవులు నేను మూస్తాను."

కొట్టాం వెనుక బల్ల దగ్గర అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తుపాకీని ఇసక మూట మీద పెట్టింది. అతని చెంపను కర్రకు ఆనించి, చెవిగిన్నెల మీద తన రెండు అరచేతులూ వేసి గట్టిగా నొక్కి పట్టింది. ఎల్వుడ్ చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గరిదాకా వెళ్లి ఆగింది. చాలాసేపు ఆగింది. ఆమె అరచేతుల కింద అతని దవడ కండరం కొట్టుకుంటోంది. చివరికి ఆ వేలు జారి కర్రమీదికి వచ్చింది. అక్కడి చార వెంట ముందుకూ వెనక్కూ నడిచింది.

"డెబ్బై అయిదేళ్లు ఇది లేకుండానే గడిచింది" అన్నాడు.

ఆర్డిస్ బోల్ట్ తెరిచి, కాల్చని తూటాను బయటికి తీసి జేబులో వేసుకుంది.

"రేపు నీకు ఒంట్లో బాగోలేదని చెబుతాను. ఎవరూ ఏమీ అనుకోరు."

"డెల్మర్ ఆ రైఫిలు నీకు అమ్మడు."

"అమ్మకపోతే పోనీ. పదకొండున్నాయి కదా."

"వాటిని మెర్విన్ కుక్కపిల్లల్లా పంచుతాడు" అన్నాడు ఎల్వుడ్. ఆ మాటతో కుర్చీ చెయ్యి పట్టుకుని తానే లేచాడు.

శనివారం మైదానంలో నలభైమంది దాకా ఉన్నారు. రేకుల పాక కింద కాఫీ కాగుతోంది. బెల్లపాకపు తీపిరొట్టె ముక్కలు కాగితపు పళ్లేల్లో చేతులు మారుతున్నాయి. ఎల్వుడ్ ఎర్రటోపీ లేకుండా రావడం కొందరు గమనించారు. ట్రక్కు దిగి ముందువరుసకు నడిచి రావడం అందరూ గమనించారు. ఆర్డిస్ అతని ఎడమవైపు, చేతికందే దూరంలో నడిచింది. ఒంట్లో బాగోలేదన్న మాట ఆమె నాలుక మీదే ఉంది. ఇంటి దగ్గర చెప్పబోతే అతను కోటు వేసుకున్నాడు. దారిలో చెప్పబోతే రేడియో పెట్టాడు.

డెల్మర్ బరువైన రైఫిలును ఇసక మూటల మీద సిద్ధంగా ఉంచాడు. తేనె చారలు ఎండలో మెరిశాయి. "ఎల్వుడ్ గారూ, మొదటి తూటా దీంతో కాల్చండి. నచ్చితే ఇదే మీ పన్నెండోది."

"గురి ముందు ఖాళీ! చెవులు మూసుకోండి!" అని మెర్విన్ అరిచాడు.

ఎల్వుడ్ బల్ల దగ్గర నిలబడి కర్ర మీద వేలు రాశాడు. వేలికి అంటిన రంగును చూసుకున్నాడు. "పైన రంగు పూశారు" అన్నాడు. పాక కింద నవ్వులు లేచాయి. అదే, ఎల్వుడ్ అంటే అదే! నవ్వులు ఆగేదాకా అతను ఓపికపట్టాడు.

"నేను తుపాకీ కాల్చలేదు" అన్నాడు. "ఎప్పుడూ. ఒక్క తూటా కూడా. కాల్చేది ఆర్డిస్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆర్డిస్‌కు. నలభై ముఖాలు ఒక్కసారిగా మెత్తబడ్డాయి. ఎవరో టోపీ తీశారు. వెనుకనుంచి ఒక ఆడగొంతు "పాపం, మొన్నటిదాకా ఎలా ఉండే మనిషి" అంది. మెర్విన్ వచ్చి ఎల్వుడ్ భుజం మీద చెయ్యి వేశాడు. డెల్మర్ ఆర్డిస్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఆయన తికమకపడుతున్నారు, కదూ? ఇంటికి తీసుకెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ చివరి మాట నిన్న ఆమె ఎల్వుడ్‌తో అన్నదే, అక్షరం తేడా లేకుండా. అవునంటే చాలు. అతని పేరు అలాగే నిలుస్తుంది. మిగిలిన రోజులన్నీ మతి చెడిన గొప్ప గురికాడిగా బతుకుతాడు. ఎల్వుడ్ ఆమె వైపు చూడలేదు. కుడిచేతి వేలికంటిన రంగును గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అంచులు మడిచి, శుభ్రంగా, పని ముగిశాక రోజూ తుడుచుకునేట్టే తుడుచుకుంటున్నాడు. ఆ చేతిలో తికమక ఎక్కడా లేదు.

"లేదు డెల్మర్" అంది ఆర్డిస్. "అతని తెలివి అతని దగ్గరే ఉంది. ఇది నాకు కుదరదని బుధవారమే చెప్పాను. రెండోది తెచ్చావా?"

డెల్మర్ వెనక్కి తిరిగి చూశాడు. "ట్రక్కులో ఉంది."

"పట్రా."

మెర్విన్ ఇంకా ఎల్వుడ్ భుజం వదల్లేదు. "ఒరేయ్, కాసేపు కూర్చోరా. నీ పేరు క్లబ్బు గోడ మీద ఉంది. పందొమ్మిదేళ్ల కార్డులున్నాయి. మేమంతా చూడలేదా?"

"ముందువైపు చూశారు" అన్నాడు ఎల్వుడ్. "వెళ్లి వెనక్కి తిప్పి చూడు."

జబ్బు మనిషి మాట కాదనలేనివాడిలా మెర్విన్ క్లబ్బు గదిలోకి వెళ్లాడు. డెల్మర్ అతుకుల రైఫిలును రెండు చేతులతో తెచ్చి ఆర్డిస్‌కు అందించాడు. ఆమె మీట లాగి, చిటికెనవేలు పెట్టి చూసుకుంది. చాప మీద బోర్లా పడుకుని మోచేతులు నేలకు కుదుర్చుకుంది. ఎల్వుడ్ చెవిగిన్నెలు పెట్టుకున్నాడు. ట్రక్కు వైపు మాత్రం నడవలేదు. ఆమె మడమల దగ్గర, మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆర్డిస్ ఒక తూటా పెట్టి, ఊపిరి సగం వదిలి ఆపింది.

మోత కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఎల్వుడ్ భుజాలు అదిరాయి. దుర్భిణి దగ్గరున్న మనిషి చాలాసేపు కంటిని అద్దం మీదినుంచి తియ్యలేదు.

"నడిమధ్యన" అన్నాడు చివరికి.

ఆమె లేచి మోకాళ్ల మట్టి దులుపుకునేసరికి మెర్విన్ క్లబ్బు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గోడనుంచి ఊడదీసిన కార్డులు పేకముక్కల్లా చేతినిండా ఉన్నాయి. ఒకటి తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. "సంతకం ఉందా లేదా అనే చూశాను" అన్నాడు తనలో తాను. "ఎవరిదో చూడలేదు."

పందొమ్మిది కార్డుల వెనుకా అడుగున ఒక గీత, దాని పక్కన 'సాక్షి: గురి కొట్టినవారు కాకూడదు' అన్న అచ్చు ఉన్నాయి. ఆ గీత మీద, వడ్రంగి పెన్సిలుతో, పందొమ్మిదిసార్లూ ఒకే పేరు ఉంది: ఎల్వుడ్ షాంక్.